తుపాకులు లేని ఊళ్ళ గోడు

తుమకూరు నుంచి మధుగిరి మీదుగా పావగడకు పోయే బస్సు మధ్యలో కర్ణాటక దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి వస్తుంది. మడకశిర పొలాల మధ్య కాసేపు పరుగెత్తి మళ్ళీ కర్ణాటకలోకి పోతుంది. పావగడ తాలూకాకు సొంత జిల్లాతో నేల కలవదు. మూడు దిక్కులా ఆంధ్ర, మిగిలిన దిక్కున చిత్రదుర్గ జిల్లా. చాలా ఊళ్ళలో ఇంటి మాట తెలుగు, కచేరీ కాగితం కన్నడం. పెళ్ళి సంబంధాలు హిందూపురం, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు. ఓటు మాత్రం విధానసౌధకు. కళ్యాణదుర్గం, పావగడ, మడకశిరల మీదుగా రాయదుర్గాన్ని తుమకూరుతో కలపాల్సిన రైలు మార్గం మంజూరైంది 2007–08లో. ఆ రైలు కోసం ఎదురుచూసిన కుర్రాళ్ళు ఇప్పుడు పిల్లల తండ్రులు.

ఈ తాలూకా పేరు దేశమంతా మొదట వినబడింది ఒక దాడి వల్ల. 2005 ఫిబ్రవరి 10 రాత్రి వెంకటమ్మనహళ్ళి బడిలో ఉన్న కర్ణాటక రిజర్వు పోలీసు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేశారు. పలువురు పోలీసులు, వాళ్ళతోపాటు ఒక సామాన్యుడు చనిపోయారు. అంతకు నాలుగు రోజుల ముందు చిక్కమగళూరు అడవుల్లో మావోయిస్టు నాయకుడు సాకేత్ రాజన్‌ను పోలీసులు కాల్చి చంపారు; దానికి ప్రతీకారం పావగడ బడిలో తీరింది. ఆంధ్రలో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య 2004 అక్టోబరులో మొదలైన చర్చలు అప్పటికే బెడిసికొట్టాయి. సరిహద్దుకు అవతల ఏది చెడినా ఇవతల దాని సెగ తగలడం పావగడకు మామూలే. ఆ కేసు ఏళ్ళ తరబడి సాగింది. 2019లో కవి వరవరరావును పుణె జైలు నుంచి పావగడ కోర్టుకు తీసుకొచ్చింది కూడా ఆ కేసు విచారణకే.

దాడి తర్వాత పావగడకు అధికారులొచ్చారు, మంత్రులొచ్చారు, జీపులొచ్చాయి. వెనుకబాటుతనం గురించి మాటలూ వచ్చాయి. మూడేళ్ళ తర్వాత, 2008లో, ప్రణాళికా సంఘం నియమించిన డి. బందోపాధ్యాయ నిపుణుల బృందం తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల గురించి నివేదిక ఇచ్చింది. ఎస్.ఆర్. శంకరన్, కె. బాలగోపాల్ అందులో సభ్యులు. ఒకరు వెట్టి విముక్తి కోసం ఉద్యోగ జీవితం ధారపోసిన ఐఏఎస్ అధికారి, ఇంకొకరు రాజ్యహింసనూ దళాల హింసనూ ఒకే తూకంతో తూచిన హక్కుల కార్యకర్త. మాజీ పోలీసు ఉన్నతాధికారి ప్రకాశ్ సింగ్ కూడా వాళ్ళతో ఉన్నారు. భూమి, కూలి, అవమానం, ఊళ్ళో సర్కారు పనిచేయకపోవడం – అశాంతి వేళ్ళు వీటిలో ఉన్నాయని ఆ బృందం చెప్పింది. అప్పటి నుంచి ఢిల్లీ భాషలో అభివృద్ధి, భద్రత జంటపదాలయ్యాయి. 2010లో నక్సల్ ప్రభావిత జిల్లాలకు ప్రత్యేక నిధుల పథకం కూడా వచ్చింది.

అక్కడే నాకు పేచీ. ప్రజల కష్టాన్ని తీర్చడం దేశభద్రతలో భాగమే. అందులో రెండో మాట లేదు. కానీ భద్రత పేరు చెప్పి సాయం చేయడం మొదలుపెట్టాక, భయపెట్టని కష్టానికి విలువ పడిపోతుంది. తుపాకులున్న తాలూకాకు నిధులు, లేని తాలూకాకు వాయిదాలు. 2025 జనవరి 8న ఆరుగురు మావోయిస్టులు బెంగళూరులో ముఖ్యమంత్రి ఎదుట లొంగిపోయారు. ఆ తర్వాత మిగిలిన ఒకరిద్దరూ లొంగిపోయారు. కర్ణాటకలో ఆ అధ్యాయం ముగిసినట్టే. మంచిదే. పావగడలో తుపాకుల మోత ఆగి చాలా కాలమైంది. బోర్లలో ఫ్లోరైడ్ ఆగలేదు, బెంగళూరు బస్సుల్లో రద్దీ ఆగలేదు. నోరెత్తకుండా ఊరు వదిలిపోయేవాడు ఏ భద్రతా నివేదికకూ ఎక్కడు.

ఈ విషయంలో మన పాతవాళ్ళు మనకంటే సూటిగా ఆలోచించారు. కౌటిల్యుడి అర్థశాస్త్రం గూఢచారుల గురించీ, సేనల గురించీ ఎంత నిర్దయగా మాట్లాడుతుందో తెలిసిందే. అదే పుస్తకం కరువొస్తే రాజు విత్తనాలు, తిండి ఇవ్వాలనీ, లేదా కోట పనో చెరువు పనో పెట్టి పనివాళ్ళకు తిండి పెట్టాలనీ చెబుతుంది. చితికిపోయిన ప్రజకు ఆశ పుడుతుంది, ఆశ పుట్టినవాడికి రాజు మీద విరక్తి పుడుతుంది, విరక్తుడు శత్రువు పక్షాన చేరతాడు లేదా తానే రాజును చంపుతాడు – ఇదీ ఆయన లెక్క. దయకు అందులో చోటు లేదు, అంతా రాజ్యరక్షణే.

శ్రీకృష్ణదేవరాయలు ఇంకో అడుగు ముందుకు వేశారు. పావగడ పక్కనున్న పెనుకొండ విజయనగరానికి రెండో రాజధాని. కాబట్టి ఆయన మాట ఈ నేలకు పరాయిది కాదు. ఆముక్తమాల్యద రాజనీతి భాగంలో ఒక అధికారి కనిపిస్తాడు. రైతులు కష్టానికి ఊరు విడిచిపోతే వెనక్కి పిలవడు. వాళ్ళ పశువులూ గింజలూ అమ్ముకోవచ్చని, వాళ్ళ ఇళ్ళ కలప పొయ్యిలోకి పనికొస్తుందని సంతోషిస్తాడు. యుద్ధభూమిలో తిరిగే నక్కలాంటి ఆ అధికారిని పెట్టుకున్న రాజు ఏడు దీవులు గెలిచినా ఫలం లేదంటారు రాయలు. కళింగం దాకా గెలిచినవాడు ఈ మాట అనడం గమనించాలి. రాజ్యం గట్టిగా ఉందా లేదా అనడానికి ఆయన చూసిన గుర్తు తిరుగుబాటు కాదు, వలస. మన హోంశాఖలు హింసాత్మక ఘటనలను ఏటా లెక్కపెడతాయి. రాయలు ఊరు విడిచినవాళ్ళను లెక్కపెట్టమన్నారు.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో మైసూరు సీమ ఒకసారి చూసింది. 1876–78 నాటి ధాత కరువును మన పెద్దలు కథలుగా చెప్పారు. కన్నడ పల్లెల్లోనూ ధాతు, ఈశ్వర సంవత్సరాల పేరుతోనే అది గుర్తుంది. అప్పుడు మైసూరు సంస్థానం బ్రిటిష్ కమిషనర్ల చేతిలో ఉంది. 1871 జనగణనలో దాదాపు యాభై లక్షలున్న జనాభా 1881 నాటికి నలభై రెండు లక్షలకు దిగిపోయింది. మద్రాసు రాజధానిలో వైస్రాయి పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు కూలిని రోజుకు ఒక పౌను గింజలకు, చేతిలో నామమాత్రపు డబ్బుకు కుదించాడు. అంతతో కూలి మనిషి బతకడని డాక్టర్ కార్నిష్ అనే ఆరోగ్యాధికారి పోట్లాడాడు. కరువుల కోసమని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం 1878లో కొత్త పన్నులు వేసింది. ఆ డబ్బు రెండో అఫ్గాన్ యుద్ధం ఖర్చుల్లో కలిసిపోయిందన్న విమర్శను ఆ ప్రభుత్వం చివరిదాకా మోసింది. సరిహద్దు కాపాడుకోవడానికి పల్లెలో గంజి తగ్గించారన్న మాట. 1880 కరువు కమిషన్, 1883 కరువు స్మృతి ఆ చావుల తర్వాత పుట్టినవే. పని చూపించి కూలి ఇవ్వడం, శిస్తు ఆపడం, పశువులకు మేత చూడడం ఏ తహసీల్దారు ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ స్మృతిలో రాశారు. ప్రాణాలు కాపాడడం వరకే దాని హద్దు. బతుకు నిలబెట్టే పూచీ అది తీసుకోలేదు.

స్వతంత్రం వచ్చాక దృష్టి కొంత మారింది. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టారు. సైనికులొచ్చి ఎండిన బావులను లోతు తవ్వారు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతుండగా అమెరికా గోధుమల కోసం దేశం చేయి చాచాల్సి వచ్చింది. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలేవాడు. మరుసటి ఏడాది దిగుమతులు కోటి టన్నులు దాటాయి. లాల్‌బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమని ప్రజలను అడిగింది ఆ యుద్ధకాలంలోనే. భారత ఆహార సంస్థ 1965 జనవరిలోనే పుట్టింది; తర్వాత హరిత విప్లవానికి అంత తొందర పడడం వెనక విదేశాంగ విధానానికి తగిలిన ఈ దెబ్బ ఉంది. రేషన్ దుకాణంలో కిలో బియ్యాన్ని ఉచిత తాయిలమని వెక్కిరించేవాళ్ళు ఈ చరిత్ర ఒకసారి తిరగేస్తే బాగుండు. 1983లో ఎన్.టి. రామారావు కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చినప్పుడూ ఇవే వెక్కిరింతలు. ముప్పై ఏళ్ళకు, 2013లో, అది జాతీయ ఆహారభద్రతా చట్టమైంది.

ఇక ఇప్పటి సంగతి. అనంతపురం లాగే పావగడకూ వాన తక్కువ, అదీ నమ్మకం లేని వాన. మెట్ట నేలలో శనక్కాయ వేస్తారు. ఊడ దిగే వేళకు చినుకు పడకపోతే అప్పు మిగులుతుంది. అరవై ఏళ్ళలో యాభైకి పైగా కరువు ఏళ్ళు అన్నది ఈ తాలూకా గురించి అందరూ చెప్పే లెక్క. ఇన్నిసార్లు వచ్చేదాన్ని విపత్తు అనడమే విడ్డూరం, అది ఈ నేల స్వభావం. ప్రభుత్వం మాత్రం దాన్ని ప్రతిసారీ కొత్తగా కనిపెడుతుంది.

2023 ఖరీఫ్ చూడండి. కర్ణాటకలో 236 తాలూకాలుంటే 223 కరువు తాలూకాలుగా తేలాయి. సెప్టెంబరులో ప్రకటన మొదలైంది. అక్టోబరులో కేంద్ర బృందాలొచ్చి పొలాలు చూసి పోయాయి. రాష్ట్రం జాతీయ విపత్తు నిధి నుంచి 18,171 కోట్ల రూపాయలు అడిగింది. నెలలు గడిచినా జవాబు లేకపోతే 2024 మార్చిలో సుప్రీంకోర్టుకు పోయింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం కరువు సాయం కోసం కేంద్రం మీద రాజ్యాంగం 32వ అధికరణం కింద రిట్ వేయడం! కోర్టు కల్పించుకున్నాక ఏప్రిల్ చివర్లో దాదాపు 3,450 కోట్లు విడుదలయ్యాయి. ఈలోగా రాష్ట్రం రైతుకు రెండు వేల దాకా మధ్యంతర సాయం ఇచ్చింది. రాజకీయంగా తప్పు ఎవరిదన్న వాదన రెండు పార్టీలూ తనివితీరా చేసుకున్నాయి. నాకు ముఖ్యమనిపించేది నెలల లెక్క. జులైలో విత్తనం మాడిపోయిన ఇంటికి మరుసటి మేలో డబ్బొస్తే, ఆ మధ్యకాలం గడిచేది వడ్డీ వ్యాపారి దగ్గరో బెంగళూరులో కట్టడాల దగ్గరో. అప్పటికే ఊరొదిలినవాడికి అందేది పరిహారం అవుతుంది, రక్షణ కాదు.

మొత్తం కూడా చూడాలి. మెట్ట పైరు నష్టానికి అప్పటి విపత్తు నిధి నిబంధనల ప్రకారం హెక్టారుకు 8,500 రూపాయలు, రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు మూడు వేల నాలుగు వందలు. విత్తనాల ఖర్చుకు చాలితే గొప్ప. పైగా 2016 కరువు మాన్యువల్ వచ్చాక ‘తీవ్ర’ కరువుకే కేంద్ర నిధి; మోస్తరు కరువైతే రాష్ట్రం తన తంటాలు తాను పడాలి. పావగడ లాంటి చోట ఒక్క తీవ్ర కరువు కంటే వరసగా మూడు మోస్తరు కరువులే కుటుంబాన్ని ఎక్కువ కూలుస్తాయి. మొదటి ఏడు గొర్రెలు పోతాయి, రెండో ఏడు బంగారం తాకట్టుకు పోతుంది, మూడో ఏడు ఇంటికి తాళం పడుతుంది.

న్యాయస్థానాలు ఈ సంగతి ముందే చెప్పాయి. 2016 మేలో స్వరాజ్ అభియాన్ కేసులో జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ ఎన్.వి. రమణల ధర్మాసనం కరువును చూడనట్టు తల తిప్పుకునే ప్రభుత్వాలను గట్టిగానే దులిపింది. కార్డు ఉన్నా లేకున్నా కరువు ప్రాంతంలో అడిగినవారికి గింజలివ్వాలని, వేసవి సెలవుల్లోనూ బడిలో మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. బడి భోజనం వేసవిలో ఆగితే వలసపోయే తల్లి పిల్లలను వెంట తీసుకుపోతుంది, జూన్‌లో బడిలో పేరు కొట్టేస్తారు. సెలవుల భోజనం అంత చిన్న విషయంలా కనిపించే పెద్ద రక్షణ.

అయినా 2023 జూన్‌లో కేంద్రం బహిరంగ విక్రయ పథకం కింద రాష్ట్రాలకు బియ్యం అమ్మడం ఆపేసింది. అన్నభాగ్య పథకం కింద మనిషికి పది కిలోలు ఇస్తామన్న కర్ణాటక, అదనపు ఐదు కిలోలకు బదులు కిలోకు 34 రూపాయల లెక్కన 170 రూపాయలు ఖాతాల్లో వేసింది. 2025లో మళ్ళీ బియ్యానికి మారింది. ఏడాదిన్నర పాటు బియ్యం ఉన్న గోదాము ఒకరిది, ఇస్తానన్న మాట ఒకరిది. తిండి భద్రత విషయంలో కేంద్ర, రాష్ట్రాల పోట్లాటకు ఒక హద్దు గీసే ఏర్పాటు మనకు ఇప్పటికీ లేదు. సైన్యానికి సరుకులు సరఫరా చేయడంలో ఇలాంటి పంతాలను ఎవరైనా ఒక్క రోజు సహిస్తారా?

నీళ్ళ సంగతి మరీ పాతది. బోరు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడ్ పెరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మన ప్రమాణాల్లో గరిష్ఠ హద్దు. ఆ హద్దు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, కీళ్ళు బిగుస్తాయి, వెన్ను వంగుతుంది. ఈ జబ్బును దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్గొండ పేరు తర్వాత వచ్చింది. అంటే దాదాపు తొంభై ఏళ్ళుగా తెలిసిన జబ్బు. పావగడకు ముందు శుద్ధనీటి ప్లాంట్లు వచ్చాయి. బిందె నీళ్ళు తాగడానికి సరే. వంటకు, పశువులకు మళ్ళీ బోరు నీళ్ళే. మిషను చెడితే తాగడానికీ అవే. తుంగభద్ర నీటిని పావగడతోపాటు చిత్రదుర్గ, విజయనగర జిల్లాల పల్లెలకు తెచ్చే రెండు వేల కోట్లకు పైబడిన పథకాన్ని 2025లో పావగడలోనే ముఖ్యమంత్రి ప్రారంభించారు. ఇది నిజంగా పెద్ద పని, ఒప్పుకోవాలి. ఇక చూడాల్సింది గొట్టం చివరి ఊళ్ళలో నీళ్ళెన్ని రోజులు వస్తాయన్నది. పంపుల కరెంటు బిల్లు, చెడిన వాల్వు, పని చేసేవాడి జీతం – ఇవన్నీ గ్రామ పంచాయతీ మెడకు చుట్టుకుంటాయి. ప్రారంభోత్సవ శిలాఫలకం మీద వీటి ఊసుండదు.

పావగడకు రెండో గుర్తింపు తెచ్చింది ఎండ. తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు – ఈ ఐదు ఊళ్ళ చుట్టూ పదమూడు వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు. 2018 మార్చి 1న మొదటి దశ ప్రారంభమైంది, 2019 చివరికి పూర్తయింది. అప్పట్లో ప్రపంచంలోనే అతి పెద్దదన్నారు. ఇక్కడ ప్రభుత్వం ఒక తెలివైన, మానవీయమైన పని చేసింది: భూమి కొనలేదు, లాక్కోలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు తీసుకుంది. రెండేళ్ళకోసారి ఐదు శాతం పెంపు. కరువు సాయం ఎకరాకు మూడు వేల చిల్లర ఇచ్చే చోట ఇరవై ఒక్క వేలు! శనక్కాయతో ఓడిపోయిన రైతు ఎందుకు కాదంటాడు? భూసేకరణ గొడవల్లో రక్తం చిందిన నందిగ్రాం లాంటి చోట్లతో పోలిస్తే పావగడ నమూనా ఎంతో మేలు.

కానీ ఆ కౌలు దక్కేది పట్టా ఉన్నవాడికే. కలుపు తీసి, శనక్కాయ పీకి, ఒలిచి బతికిన కూలి కుటుంబానికి ఆ నేల మీద పని పోయింది, కౌలులో వాటా రాలేదు. కంచె పడ్డాక గొర్రెల దారి మళ్ళింది. సోలార్ ప్లేట్లు కడగడం, గడ్డి కోయడం, కాపలా – ఇవే ఇప్పుడు దొరికే పనులు, అవీ కొందరికే. ఒకే నిర్ణయం రైతును నిలబెట్టి కూలిని కదిపింది. ఈ ఊళ్ళలో భూమి ఉండడం, లేకపోవడం కులాన్ని బట్టి ఎలా పంచబడిందో చెప్పనక్కర్లేదు. పావగడ శాసనసభ స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు. దేశానికి ఇంధన భద్రత ఇచ్చిన ఊళ్ళో కూలి భద్రత పోవడం గురించి విద్యుత్ శాఖ ఫైలులో గడి ఉండదు. సాంఘిక సంక్షేమ శాఖకేమో అది తన పని అనిపించదు.

కులం మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 2019 సెప్టెంబరు 16న చిత్రదుర్గ ఎంపీ ఎ. నారాయణస్వామి పావగడ తాలూకాలోని ఒక గొల్లరహట్టికి (గొల్లల వాడకు) పోతే, దళితుడని ఊళ్ళోకి రానివ్వలేదు. ఆయన వెళ్ళింది ఊరికి ఏం సాయం చేయొచ్చో చూడడానికి. తర్వాత ఆయన కేంద్రంలో సామాజిక న్యాయశాఖ సహాయమంత్రి అయ్యారు. ఆ మరుసటి రోజే, సెప్టెంబరు 17న, పక్కనే ఉన్న చిత్రదుర్గ జిల్లాలో చళ్ళకెరె దగ్గర పరీక్షలో ఉన్న రుస్తుం–2 డ్రోను ఒక తోటలో కూలింది. ఈ రెండు వార్తలనూ ఎవరూ పక్కపక్కన పెట్టి చదివినట్టు లేదు. పావగడను ఆనుకుని ఉన్న చళ్ళకెరెలో ఎనిమిది వేలకు పైగా ఎకరాల అమృతమహల్ కావళ్ళను – తరతరాలుగా పశువులు మేసిన బీళ్ళను – రక్షణ పరిశోధన సంస్థకు, అణుశక్తి, అంతరిక్ష సంస్థలకు ఇచ్చారు. డ్రోన్ల పరీక్షా కేంద్రం 2017లో తెరిచారు. ఇటు తుమకూరు జిల్లా గుబ్బిలో 2023 ఫిబ్రవరిలో ప్రధాని హెలికాప్టర్ల కర్మాగారం ప్రారంభించారు. పావగడ చుట్టూ దేశరక్షణ కట్టడాలు లేస్తూనే ఉన్నాయి. వాటి అవసరాన్ని నేను కాదనను. ఎంపీ కాలుపెట్టలేని ఊళ్ళో అంగన్‌వాడీ గుడ్డు ఏ ఇంటి పిల్లకు ఏ గుమ్మం దాకా చేరుతుందో తెలుసుకోవడం కూడా అంతే పరిశోధన అడిగే పని. పథకం ఎంత మంచిదైనా ఊళ్ళోకి పోయేది ఊరి దారినే. ఆ దారిలో కులం గేటు ఉంది.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది కూడా ఈ చుట్టుపక్కలే – అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో, మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ చేతుల మీదుగా. దాని బలం ఒక్క మాటలో ఉండేది: అడిగితే పని. ప్రభుత్వం కరువని ఒప్పుకునే దాకా ఆగక్కర్లేదు. పదిహేను రోజుల్లో పని చూపించాలి, లేదా భృతి ఇవ్వాలి. కౌటిల్యుడి చెరువు పని, కరువు స్మృతి రోడ్డు పని రాజు దయ మీద నడిచాయి. దీన్ని మాత్రం హక్కుగా రాశారు. కూలి డబ్బులు నెలల తరబడి రాకపోవడం, దొంగ మస్టర్లు – ఈ జబ్బులు దానికి లేవని కాదు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో వికసిత్ భారత్ పేరుతో కొత్త చట్టం తెచ్చింది. పని దినాలు 125కి పెరిగాయి. ఖర్చులో రాష్ట్రం వాటా నలభై శాతమైంది. వ్యవసాయ పనుల కాలంలో అరవై రోజుల దాకా పని ఆపవచ్చు. కేంద్రం ముందే నిర్ణయించిన కేటాయింపు దాటితే ఆ భారం రాష్ట్రానిదే.

మామూలు ఏటికి ఇది నడవొచ్చు. కరువు ఏటికి కాదు. పని అడిగేవాళ్ళు ఒక్కసారిగా పెరిగే ఏడాదిలోనే రాష్ట్ర ఖజానాకు రాబడి తగ్గుతుంది. 2023–24 లాంటి ఏడాదిలో 223 తాలూకాల్లో అడిగినవారికల్లా పని చూపించాలంటే నలభై శాతం ఎక్కడి నుంచి తేవాలి? విపత్తు నిధి కోసం కోర్టుకెక్కిన రాష్ట్రం, పని నిధి కోసం మళ్ళీ కోర్టుకెక్కాలా? విత్తే కాలంలో పని ఆపడం కూడా తడి పొలాల జిల్లాలను చూసి రాసిన నియమంలా ఉంది. పావగడలో వాన పడని జులైలో పొలం పనులే ఉండవు. కూలికి అప్పుడే పని కావాలి.

దీనికి ఎదురు వాదన బలమైనదే. కర్ణాటక ఐదు గ్యారంటీ పథకాలకు ఏటా యాభై వేల కోట్లు దాటి ఖర్చుపెడుతోంది, రోడ్లకూ నీటి ప్రాజెక్టులకూ డబ్బు మిగలడం లేదని అధికార పార్టీ ఎమ్మెల్యేలే గొణుగుతున్నారు. ఖజానా చితికిన రాజ్యం ఎవరినీ కాపాడలేదన్నది నిజం. అయితే ఆ వాదన చేసేవాళ్ళు రెండింటిని కలిపేస్తున్నారు. నెలనెలా అందరికీ ఒకేలా పోయే నగదు ఒక రకం. కరువొచ్చినప్పుడు పెరిగి, పోయినప్పుడు తగ్గే పని, తిండి, మేత ఇంకో రకం. ఓట్లు తెచ్చేది మొదటిది. వలస ఆపేది రెండోది. అందుకేనేమో మొదటిదానికి పేర్లు, బొమ్మలు, హోర్డింగులు. రెండోదానికి తహసీల్దారు కచేరీలో ఓ ఫైలు. గ్యారంటీల్లో ఒకటైన మహిళల ఉచిత బస్సును మాత్రం నేను రెండో రకంలోనే వేస్తాను; ఇక్కడ బస్సు దొరకడం కూడా భద్రతే. 2022 మార్చిలో వై.ఎన్. హొసకోటె నుంచి పావగడ వస్తున్న ప్రైవేటు బస్సు కిక్కిరిసి పళవళ్ళి కట్ట దగ్గర బోల్తా పడింది. విద్యార్థులు సహా పలువురు చనిపోయారు. చాలినన్ని సర్కారు బస్సులు లేని చోట టికెట్ లేకుండా చేస్తే సరిపోదన్నది వేరే మాట.

కావాల్సింది కొత్త శాఖ కాదు. సోలార్ కంపెనీలు కట్టే రుసుములో కొంత ఆ ఐదు ఊళ్ళ భూమిలేని కుటుంబాలకు ఏటా చేరేలా రాసుకోవచ్చు. కౌలు గడువు ఇంకా రెండు దశాబ్దాలకు దగ్గరగా ఉంది. విపత్తు నిధిలో కొంత భాగం, కేంద్ర బృందం కోసం ఆగకుండా, వాన లోటు ఒక అంకె దాటిన రోజే తాలూకాకు వదిలేయవచ్చు. కొత్త పని చట్టంలో కరువు తాలూకాలకు నలభై శాతం వాటా మాఫీ చేయాలని అడగడం కర్ణాటక, ఆంధ్ర కలిసి చేయదగ్గ పని. రెండు వైపులా కూలి పడే బాధ ఒకటే.

ఇక రాయలు అడిగిన లెక్క. కరువు తీవ్రత తేల్చడానికి మాన్యువల్ ప్రధానంగా చూసేవి నాలుగు: విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహానికి కనిపించే పచ్చదనం, నేల తేమ, నీటి వనరుల మట్టం. మనుషుల కదలిక ఈ నాలుగింటిలో లేదు. తెలుసుకునే వీలు లేక కాదు. ఇప్పుడు రేషన్ ఏ ఊళ్ళోనైనా తీసుకోవచ్చు. వేలిముద్ర వేసిన ప్రతిసారీ కార్డు ఏ ఊరిదో, బియ్యం ఏ దుకాణంలో తీసుకున్నారో నమోదవుతుంది. పావగడ కార్డులు ఏ నెలలో ఎన్ని బెంగళూరు దుకాణాల్లో బియ్యం తీసుకున్నాయో ఆహార శాఖ కంప్యూటరు చెప్పగలదు. ఆ అంకె జులైలో పెరిగితే సెప్టెంబరు దాకా, కేంద్ర బృందం దాకా, సుప్రీంకోర్టు దాకా ఆగక్కర్లేదు. ఆ పట్టికను నెలనెలా జిల్లాధికారి బల్ల మీద పెట్టమని ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు.